సీడీ లోపలి చుట్టు

జగ్గయ్యపేటలో మా ఫోటో స్టూడియో, మా ఇల్లు ఒకే కప్పు కింద ఉండేవి. వీధి గది షాపు, వెనక రెండు గదులు కాపురం. రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తల్లో మావారు ఒక కంప్యూటర్ కొన్నారు. ఆయన పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ కెమెరా భుజాన వేసుకుని తిరిగేవారు. తెచ్చిన ఫోటోల మీద మచ్చలు చెరపడం, పోయినవాళ్ళ పటాలకు దండలు వేయడం, అన్నీ సీడీలకు ఎక్కించడం నా పని. పొయ్యి మీద కందిపప్పు పెట్టి వచ్చి ఒక సీడీ వేసేదాన్ని. పప్పు ఉడికేలోపు సీడీ కూడా అయిపోయేది.

నేను చదివింది అయిదో తరగతి. ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన నాకు అక్షరాలు నేర్పలేదు, చోట్లు నేర్పారు. పైన ఎడమ పక్క ఎర్రబొమ్మ నొక్కు, మధ్యలో ఒక పెట్టె వస్తుంది, అందులో కింద కుడి పక్కది నొక్కు, గీత నిండేదాకా ఏదీ ముట్టుకోకు. అంతే నా చదువు. దాంతోనే వందల సీడీలు రాశాను. ఎప్పుడైనా రోజూ రాని పెట్టె ఏదైనా వచ్చి ఏదో అడిగితే దానికి కూడా కుడి పక్కదే నొక్కేదాన్ని. అడిగింది ఏమిటో తెలియకుండా ఔనన్నానో కాదన్నానో కూడా తెలిసేది కాదు. ఇంతవరకూ ఏమీ కాలేదు కదా అని ధైర్యం.

సీడీలతో తిప్పలు లేకపోలేదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు కదా, ఆ బూడిదరంగు దుమ్ము ఎన్నిసార్లు తుడిచినా వచ్చి కూర్చునేది. పాత పంచె గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే గీతలు పడి సీడీ చదవదు. సగంలో కరెంటు పోతే ఆ సీడీ ఇక దేనికీ పనికిరాదు. అట్లా చెడిపోయినవాటిని దారాలతో డాబా మీద కట్టేదాన్ని, మిరపకాయలు ఆరబోసినప్పుడు పిట్టలు రాకుండా. మధ్యాహ్నం గాలి తిరిగితే వాటి మెరుపు కిటికీలోంచి లోపలికి వచ్చి గోడల మీద పాకేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ వెలుగు మచ్చలు గోడ దిగి, నేల మీదుగా నడిచి, నా పాదాల దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి పోయేవి. పని చేసుకుంటూ వాటి వంక చూడకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

మా వీధి చివరింటి అమ్మాయికి ఆ ఏడు జ్యేష్ఠంలో పెళ్ళయింది. వాళ్ళమ్మ నన్ను వదినా అంటుంది, పిల్ల అత్తయ్యా అంటుంది. చుట్టరికం లేదు గానీ పుట్టిన దగ్గర్నుంచి మా గుమ్మంలో పెరిగిన పిల్ల. నందిగామ సంబంధం. అబ్బాయి ఏదో ఆఫీసులో పని చేస్తాడు, తండ్రి లేడు, తల్లీ కొడుకూ ఇద్దరే ఇంట్లో. పెళ్ళి ఫోటోలు మావారే తీశారు. ఆల్బం తయారవడానికి నెల పడుతుంది, ఈలోపు టీవీలో చూసుకుంటాం, సీడీ ఇవ్వండి అని అబ్బాయి వాళ్ళు అడిగారు. మనుగుడుపులు అయి పిల్ల అత్తగారింటికి బయలుదేరుతున్న రోజు పొద్దున వాళ్ళ నాన్న మా షాపుకి వచ్చి నిలబడ్డాడు. కారు వీధిలో ఆగి ఉంది, చెల్లెమ్మా తొందరగా అన్నాడు.

డబ్బాలో చూస్తే ఖాళీ సీడీ ఒక్కటి లేదు. ముహూర్తాల రోజులు, అన్నీ అయిపోయాయి. అరలో మాత్రం ఒకటి ఉంది. వీరులపాడు దగ్గరి పల్లెలో ఒక పెద్దావిడ పోతే ఆమె పెద్దకర్మకు మావారు ఫోటోలు తీశారు. ఆమె కూతురిది మా పక్క వీధే. కూతురికొకటి, కొడుక్కొకటి అని రెండు సీడీలు రాయించుకున్నారు. కూతురు తనది తీసుకుపోయింది. కొడుకు ఆర్నెల్లయినా రాలేదు. అందులో ఉన్నవి నలభై ఫోటోలు, సీడీలో ముప్పాతిక భాగం ఖాళీగానే ఉంది. వండిన గిన్నెలో అన్నం మిగిలితే పారబోసే ఇల్లు కాదు మాది. ఆ సీడీనే తీసి, తుడిచి, మిషన్‌లో పెట్టాను.

రోజూ రాని పెట్టె ఒకటి వచ్చింది. రెండు బటన్లు. కుడి పక్కది నొక్కాను. గీత నిండింది. తెరిచి చూశాను, పెళ్ళి ఫోటోలు తప్ప ఇంకేమీ లేవు. పలక మీద రాసింది తుడిచి కొత్తది రాసినట్టు పాతవి పోయాయనుకున్నాను. మీద ఉన్న ఊరిపేరు స్పిరిట్‌తో చెరిపేసి, శ్రీరస్తు శుభమస్తు అని స్కెచ్‌పెన్నుతో రాసి ఇచ్చాను.

ఆషాఢం పట్టగానే పిల్ల పుట్టింటికి వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒక గడప దాటకూడదు కదా, అది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, పిల్ల వచ్చిన నాలుగో రోజున వాళ్ళమ్మ మా వంటింట్లోకి వచ్చి, పీట మీద కూర్చుని, గొంతు తగ్గించి ఆ సీడీ నా చేతిలో పెట్టడం.

నందిగామలో చుట్టాల్ని పిలిచి, కాఫీలు ఇచ్చి, పెళ్ళి చూద్దామని టీవీ ముందు కూర్చున్నారట. సీడీ వేస్తే పెళ్ళి రాలేదు. దండ వేసిన ముసలావిడ ఫోటో వచ్చింది. ఎవరో వాళ్ళెవరికీ తెలియదు. అత్తగారు గబగబా టీవీ ఆపేసింది. అబ్బాయి అదే సీడీ పట్టుకెళ్ళి పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లో పెడితే పెళ్ళి శుభ్రంగా వచ్చింది. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ ఆవిడే. ప్లేయర్‌లో దుమ్మనుకుని, బ్రష్షులున్న సీడీ ఒకటి దొరుకుతుంది కదా, అది తిప్పి కన్ను తుడిచాడట. మళ్ళీ ఆవిడే. అందరిళ్ళలో పెళ్ళి, వాళ్ళింట్లో మాత్రం ఆవిడ.

“మా పిల్ల గుమ్మంలో కాలు పెట్టిన పదోరోజు వదినా. వాళ్ళ అత్తగారు ఒక్క మాట అన్లేదు. సీడీ మాత్రం సంచీలో పెట్టి, ఇది మీ ఇంట్లోనే ఉంచమ్మా అందట,” అంది.

 ఆమె పోగానే కంప్యూటర్‌లో పెట్టి చూశాను. పెళ్ళే. కన్యాదానం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. ఒక్కొక్కటీ కిందిదాకా జరిపి చూశాను. మళ్ళీ తీసి, తుడిచి, పెట్టి చూశాను. ఆవిడ ఎక్కడా లేదు. మా షాపులో కొత్త ప్లేయర్ ఉండేది, దాంట్లోనూ పెట్టాను. పెళ్ళే. నేను చెరిపేసిన మనిషి నందిగామలో ఒక్క ఇంటికి మాత్రం ఎట్లా వెళ్ళింది? ఆ సీడీ అంతకుముందు ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. మావారికి కూడా చెప్పలేదు.

సీడీ వాళ్ళింట్లో సరిగా ఆడలేదని మాత్రం ఆయన విని, వాళ్ళ ప్లేయర్ పాతదై ఉంటుంది, వేరేది రాసి పంపు అన్నారు. కొత్త డబ్బా తెప్పించి, కొత్త సీడీ మీద రాసి పిల్ల నాన్నతో పంపాను. అది వాళ్ళింట్లో చక్కగా ఆడింది. పెళ్ళి మొత్తం వచ్చింది. పిల్ల నాన్న సంతోషంగా తిరిగొచ్చాడు గానీ, ఆయన తెచ్చిన మాట విన్నాక ఆ సంతోషం ఎవరికీ మిగల్లేదు. వియ్యపురాలు పెళ్ళంతా చూసి, బాగుందండీ అని, మరి ఆ వచ్చినావిడ ఎవరండీ అని అడిగిందట. 

ఆషాఢం వెళ్ళింది. శ్రావణం వచ్చింది. కొత్త కోడల్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మొదటి శుక్రవారం కూడా వెళ్ళిపోయింది. పెళ్ళయిన ఏడు వరలక్ష్మీ వ్రతం అత్తగారింట్లో పట్టాలని పిల్ల కొత్త పట్టుచీర మడత విప్పకుండా పెట్టుకుంది. అబ్బాయి రోజూ మా షాపు ఫోన్‌కి చేసేవాడు, పిల్ల వచ్చి మాట్లాడేది. అమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు, కొంచెం ఆగు అంటున్నాడని చెప్పేది. పిల్ల తల్లి ఆ సీడీని పగలగొట్టి సున్నపుగుంటలో వేద్దాం అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియలేదు. ఆ సోమవారం మావారు ఒక పెళ్ళి ఫోటోలకు వెళ్ళగానే సీడీని చీర కొంగులో చుట్టుకుని బస్సెక్కాను.

నందిగామలో వాళ్ళిల్లు గాంధీ సెంటర్ దాటిన తర్వాత సందులో. నేను వెళ్ళేసరికి వియ్యపురాలు ఒక్కతే ఉంది. పొడుగ్గా, బక్కగా ఉంటుంది, మాట తక్కువ. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. ఫోటో షాపు నుంచి వచ్చానండీ, సీడీ ఒకసారి మీ ఇంట్లో చూద్దామని అన్నాను.

“చూడ్డానికేముందమ్మా. కరెంటు లేదు, వచ్చాక చూద్దువుగాని,” అంది.

గంటకు పైగా కూర్చున్నాం. ఆమె గోరుచిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంది. టీవీ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంటే, ఆమె లేచి దాన్ని తీసి మడత పెట్టి పక్కన పెట్టింది. ఆ నల్లటి అద్దంలో కుర్చీలో నేను, పీట మీద ఆమె, మా ఇద్దరి మధ్య తెరిచి ఉన్న వీధి తలుపు కనపడుతున్నాయి. ఆ తలుపులోంచి ఎవరైనా వస్తారేమోనని నేను అద్దంలోకి చూడటం మొదలుపెట్టాను. ఎవరూ రాలేదు. ఫ్యాన్ తిరగడం మొదలయ్యేసరికి ఉలిక్కిపడ్డాను.

ఆమె సీడీ తీసుకుని ప్లేయర్‌లో పెట్టింది. ఆ పాత ప్లేయర్ ఫోటోను ఒక్కసారిగా చూపించదు. తెర మీద పై నుంచి కిందికి కొంచెం కొంచెం దించుతుంది. ముందు బంతిపూల దండ వచ్చింది. ఆ దండ కంప్యూటర్‌లో వేసింది నేనే. తర్వాత మధ్యపాపిడి తీసి దువ్విన తల. తర్వాత నుదురు. ఎప్పటి నలుపూ తెలుపూ ఫోటోనో, నుదుటి మీద నల్లగా ఏదో ఉంది, అది పాత ఫోటో మీది గరుకో బొట్టో తెలియదు. తర్వాత కళ్ళు. కళ్ళ దగ్గర ప్లేయర్ కొంచెంసేపు ఆగింది. లోపల సీడీ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ కళ్ళు తిన్నగా నన్నే చూస్తున్నాయి. ఇంకా నోరు రాలేదు.

ఆ ముఖం మీద నేను రెండు రోజులు పని చేశాను. చెంప మీద మచ్చను దుమ్మనుకుని చెరిపేస్తే, కూతురు వచ్చి అది మా అమ్మ పుట్టుమచ్చండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మళ్ళీ పెట్టాను. ఆ మనిషిని బతికుండగా ఎప్పుడూ చూడలేదు. ఐనా ఆమె ముడతలన్నీ నాకు తెలుసు.

నోరు దిగేలోపు వియ్యపురాలు రిమోట్ నొక్కి ఆపేసింది. ఇంతకుముందు కూడా ఇంతవరకే చూశాం, ఎప్పుడూ పూర్తిగా రానివ్వలేదు అంది. నాకు చెప్పాలనే ఉంది. కానీ ఏమని చెప్పను? చెరిపేశాను, ఐనా వచ్చింది అంటే అది ఆమె భయాన్ని ఇంకా పెంచదా? సీడీ తీసుకుని, కొంగులో చుట్టుకుని, మళ్ళీ చూస్తానండీ అని బయటపడ్డాను. ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. 

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అంబారుపేట దాటాక ఎండ తిన్నగా ఒళ్ళో పడింది. సీడీ తీసి తిరగేసి చూశాను. ఎన్ని వందల సీడీలు చూశానో, ఎప్పుడూ చూడనిది అప్పుడు కనపడింది. మధ్య రంధ్రం చుట్టూ సన్నగా ఒక చుట్టు, దాని బయట వెడల్పుగా ఇంకొక చుట్టు. రెండింటి రంగూ వేరు. మధ్యలో వెంట్రుకంత గీత. కుండలో నీళ్ళు ఒకసారి నిలిచి, మళ్ళీ పోస్తే ఇంకొంచెం పైన నిలిచినట్టు. సీడీని ఎటు వంచినా లోపలి చుట్టు అట్లాగే ఉంది.

ఇంటికి పోకుండా తిన్నగా బస్టాండు పక్కన కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరకు వెళ్ళాను. మా కంప్యూటర్ కూడా అతనే చూసేవాడు. నన్ను అక్కా అంటాడు. సీడీని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి నవ్వాడు. ఇది రెండుసార్లు రాసిన సీడీ కదక్కా అన్నాడు. పాతది చెరిపేశాను కదా అన్నాను.

“దీని మీద రాసింది పోదక్కా. మొదట రాసింది లోపలి చుట్టు, తర్వాత రాసింది బయటి చుట్టు. నువ్వు నొక్కిన బటన్‌కి అర్థం, పాతదాన్ని కలపకు అని. తీసెయ్యమని కాదు. దాచమన్నావు, దాచింది.”

మరి మా దగ్గర ఎందుకు కనపడలేదంటే, కంప్యూటర్ చివర రాసినదాన్ని వెతుక్కుని చూపిస్తుందట. కొత్త ప్లేయర్లూ అంతే. కొన్ని పాత ప్లేయర్లు మాత్రం మొదటి చుట్టు దగ్గరే ఆగిపోతాయి, బయట ఇంకొకటి ఉందని వాటికి తెలియదు అన్నాడు. అతను అప్పటికప్పుడు తన మిషన్‌లో ఏదో నొక్కి లోపలి చుట్టు తెరిచి చూపించాడు. నలభై ఫోటోలూ వరసగా ఉన్నాయి. ఆర్నెల్లు మా అరలో, ఆ తర్వాత పెళ్ళికూతురి సంచీలో, నందిగామలో టీవీ కింద, ఆమె ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది.

ఆ మంగళవారమంతా ఎటూ తేల్చుకోలేకపోయాను. తప్పు నాదని తెలిసింది, అది చెప్తే చాలు పిల్ల అత్తగారింటికి వెళ్ళిపోతుంది. చెప్తే మా షాపు పేరు పోతుందని ఒక పక్క. చచ్చిపోయినవాళ్ళ సీడీ మీద పెళ్ళి ఎక్కించిందట అని ఊరు అంటుంది. పిల్ల సాయంత్రం ఫోన్ కోసం వచ్చి, మాట్లాడి, రిసీవర్ పెట్టేసి అక్కడే నిలబడింది. అబ్బాయి ఏమన్నాడమ్మా అన్నాను.

“ఈ శుక్రవారం కూడా కాదంట అత్తయ్యా. వాళ్ళమ్మ ఎవర్నో అడగాలన్నదంట. నేనేం చేశాను?” అంది.

బుధవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కాను.

వియ్యపురాలు ఈసారి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోకుండానే చెప్పేశాను. ఆమెను మీ ఇంటికి తెచ్చింది మీ కోడలు కాదండీ, నేను అన్నాను. అర, కొడుకు రాకపోవడం, కారు ఆగి ఉండటం, పెట్టె, కుడి పక్క బటన్, రెండు చుట్లు, ఒక్కటీ దాచలేదు. సీడీ ఎండలో పెట్టి చుట్లు చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోకుండా వంగి చూసింది.

“సోమవారం నువ్వు ఆ కుర్చీలో కూర్చుని ఆ మొహం చూశావు. నీకు తెలుసు. అప్పుడెందుకు చెప్పలేదు?”

“భయపడ్డానండీ,” అన్నాను.

“నేనూ అంతే,” అంది.

 తర్వాత చాప తెచ్చి వేసి నన్ను కూర్చోమంది. నువ్వు చెప్పింది అర్థమైందమ్మా, ఎట్లా వచ్చిందో చెప్పావు, ఎందుకొచ్చిందో ఆ మిషన్‌కేం తెలుసు అంది. ఆమె గొంతులో కోపం లేదు. నువ్వు రాకముందే మూడుసార్లు వచ్చింది మా ఇంటికి. మొదటిసారి టీవీ ఆపేశాను, రెండోసారి తువ్వాలు కప్పాను, మూడోసారి బయటికి పంపేశాను. వయసులో పెద్ద మనిషి అంది. చుట్టం గురించి చెప్తున్నట్టే చెప్పింది.  తప్పు నాదని ఒప్పుకుంటే ఆవిడ వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చాప మీద మాతోపాటే కూర్చున్నట్టుంది.

ఏ ఊరు, ఎంత వయసు, పిల్లలెందరు అని అడిగింది. తెలిసింది చెప్పాను. అప్పుడు నా మొహంలోకి చూసి అసలు మాట అడిగింది.

“పసుపు కుంకుమలతోనే పోయిందా?”

ఆమె ఏం అడుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. మా వైపు అట్లా పోయినావిడను పేరంటాలంటారు, ఇంటికి వచ్చిందంటే మంచిదే అంటారు. అట్లా కాకుండా పోయినావిడ శ్రావణమాసంలో కొత్త కోడలి వెంట ఇంట్లోకి వచ్చిందంటే ఆ మాట వేరు. ఆ తల్లి భర్త పోయి పన్నెండేళ్ళయింది. కూతురే చెప్పింది నాకు. పెద్దకర్మ ఫోటోలు నలభైలో ఆయన ఒక్కదాంట్లోనూ లేడు, ఉండే వీలు లేదు.

“ఔనండీ, ముత్తైదువగానే పోయింది,” అన్నాను.

ఆమె చేతులెత్తి కళ్ళకద్దుకుంది. ముఖం ఒక్కసారి విచ్చుకుంది. పేరంటాలు వస్తే తువ్వాలు కప్పానా తల్లీ అని తనను తానే తిట్టుకుంది. లేచి వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేసి, రేపు పొద్దున వెళ్ళి పిల్లను తీసుకురా అని కొడుకుతో చెప్పడం నా చెవులతో విన్నాను. నేను వచ్చిన పని అయిపోయింది. లేవబోతుంటే ఆగమంది.

“ఆమె ఫోటో ఒకటి పెద్దది చేసి, బొట్టు కనపడేట్టు పెట్టి తీసుకురామ్మా. వ్రతంలో పెట్టుకుంటాం.”

కాదనలేకపోయాను. ముత్తైదువని అప్పటికే చెప్పేశాను కదా.

గురువారం మధ్యాహ్నం, అబ్బాయి వచ్చి పిల్లను తీసుకెళ్ళిన తర్వాత, వీధి తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పక్క వీధి నుంచి ఆమె కూతురు ఆ దారినే రోజూ కూరగాయలకు పోతుంది, కిటికీ తలుపు కూడా వేశాను. ఆ ముఖాన్ని తెర నిండా తెచ్చి, నుదుటి మధ్యలో ఎర్రరంగు పెట్టాను. చిన్నదిగా పెడితే గరుకులో కలిసిపోతోంది. ఇంకొంచెం పెద్దది చేశాను. బొట్టు పెట్టగానే ఆ కళ్ళ చూపు మారింది. అప్పటిదాకా ఎవరినో అడుగుతున్నట్టుండేవి. ఇప్పుడు ఏదో తెలిసినట్టున్నాయి. తల తిప్పుకుని ప్రింట్ తీశాను.

శుక్రవారం పేరంటానికి నన్ను కూడా పిలిచారు. కలశం పక్కన పీట వేసి, ఆ పటానికి పసుపు రాసి, మల్లెలు వేసి పెట్టారు. పిల్ల ఆ పట్టుచీర కట్టుకుని, కాళ్ళకు పసుపు రాసుకుని, ఇంట్లో గలగలా తిరుగుతోంది. కథ చదివి అక్షతలు వేసి లేవగానే పిల్ల, అత్తగారు చెప్పినట్టు, మొదటి వాయనం, నానబెట్టిన శనగలు, తాంబూలం, రవికెల గుడ్డ తెచ్చి ఆ పటం ముందు పెట్టి, ఇస్తినమ్మ వాయనం అంది. పుచ్చుకుంటినమ్మ అనే మాట కోసం అందరం కాసేపు ఊరికే నిలబడ్డాం. ఎవరు అనాలో ఎవరికీ తెలియలేదు. అత్తగారు నా వైపు చూసింది. నేను ఆవిడ బదులు అన్నాను.

ఆ తర్వాత పేరంటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరకొచ్చి, ఈమె ఎవరండీ అని అడగడం మొదలుపెట్టారు. వియ్యపురాలు ప్రతివాళ్ళకీ నన్ను చూపించి, ఈ అమ్మాయికి అంతా తెలుసు, చెప్పమ్మా అనేది. మొదటావిడకు పేరూ ఊరూ చెప్పి ముత్తైదువగా పోయిందన్నాను. రెండో ఆవిడ వాళ్ళాయన ఉన్నాడా అంది. ఉన్నాడన్నాను. మూడో ఆవిడ పెద్దకర్మ ఆయనే చేశాడా అంది. కొడుకు చేశాడు, ఆయన పక్కన కూర్చున్నాడు అన్నాను. కథ చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, అడిగేకొద్దీ మాట దానంతట అదే వస్తుంది. అయిదో ఆవిడకు చెప్పేసరికి ఆయన పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడని చెప్పాను. చెప్తుంటే ఆయన నాకు కనపడ్డాడు. ఏ ఫోటోలోనూ లేని మనిషి, తెల్లటి గడ్డం, భుజాన కండువా. ఆ పటం వంక చూడకుండా చెప్తున్నాను గానీ, ఆయన మాత్రం తల తిప్పి దాని వంకే చూస్తున్నాడు.